పదిహేడో నంబరు ఎర్రదీపం

బోర్డు మీద రెండు వందల దీపాలు. నూట తొంభై తొమ్మిది పచ్చగా వెలుగుతున్నాయి. వాటిలో ఒకటో నంబరు డాక్టర్ కుందుర్తి హైమవతిదే. పదిహేడో నంబరు మాత్రం ఎర్రగా మొండికేసింది.

హైమవతికి ఒళ్లు మండిపోయింది. మండదూ మరి! పదకొండేళ్ల కష్టం ఆ 'నెమ్మది' బ్యాండ్. ఇంటినుంచి ఉద్యోగం చేసేవాళ్ల చేతికి కడితే చాలు, నాడి, చెమట, ఊపిరి చూసి ఎంత ఒత్తిడిలో ఉన్నారో చెప్పేస్తుంది. హద్దులో ఉంటే బోర్డు మీద పచ్చదీపం. హద్దు దాటిందా, ఎర్రదీపం, ల్యాప్‌టాప్ గంటసేపు లాక్! బాసు కాదు కదా, బ్రహ్మదేవుడొచ్చినా తెరుచుకోదు. విశాఖలో నెల్రోజులుగా పరీక్ష నడుస్తోంది. రేపు రిపోర్టు చూసి కంపెనీవాళ్లు సరేనంటే లక్షమంది చేతికెక్కుతుంది, లేకపోతే అటకెక్కుతుంది.

పదిహేడో నంబరు ఇంటికి ఆవిడే స్వయంగా వెళ్లింది. తలుపు తీసిన తులసీప్రసాద్ కళ్లు గుంటలు పడి ఉన్నాయి.

"మీ మిషన్ పాడైంది మేడమ్. పొద్దుట్నుంచి నాలుగుసార్లు లాకైపోయింది."

"నా మిషన్ పాడవదు. ఏదీ, చెయ్యి చూపించు."

చేతికి బ్యాండే లేదు! ప్రసాద్ ఆ చెయ్యి వెనక్కి పెట్టుకున్నాడు. "నేను కట్టుకుంటే పదింటికల్లా లాకైపోతోంది మేడమ్. ఇంక పని ఎవడు చేస్తాడు? అందుకే అందరూ ఇంట్లో భోంచేసి పడుకునేవాళ్లకి కట్టేస్తున్నారు. నేను మా అమ్మకి కట్టాను."

హైమవతి కుర్చీలో కూలబడింది. అన్ని పచ్చదీపాలూ గుర్రుపెట్టి నిద్రపోయేవాళ్లవన్నమాట!

"నాకు నిద్దరెక్కడిదమ్మా?" వంటగదిలోంచి ప్రసాద్ తల్లి వరహాలమ్మ వచ్చింది. "వీడు మీటింగన్నాడంటే మిక్సీ తిప్పకూడదు, కుక్కరు కూయకూడదు, నాకు దగ్గు రాకూడదు. విజిలొచ్చేలోపు పొయ్యి కట్టెయ్యాలని రోజంతా దాని ముందే నిలబడతాను."

ప్రసాద్ తల దించుకున్నాడు. హైమవతికి ఏడుపొచ్చినంత పనైంది. ఆ వెంటనే, నిజం చెప్పొద్దూ, ఛాతీ పొంగిపోయింది. కన్నకొడుకు ఒక్కరోజైనా అడగని బాధని ఎవరూ చెప్పకుండానే కనిపెట్టింది తన యంత్రం!

"రిపోర్టులో ఏం రాస్తారు మేడమ్?" భయంగా అడిగాడు ప్రసాద్.

"ఉన్నదే రాస్తాను. రెండు వందల బ్యాండ్లలో ఒక్కటే పనిచేసే మనిషి చేతికుందని."

"మరి నీదేదమ్మా?" హైమవతి బోసి మణికట్టు చూసి అడిగింది వరహాలమ్మ.

హైమవతి ఫోను తీసి, ఇంట్లో కునుకు తీస్తున్న భర్తని లేపింది. "ఏవండీ, మీ చేతికున్న ఆ బ్యాండ్ విప్పెయ్యండి. నేను కట్టుకోవాలి."

సాయంత్రం దాన్ని కట్టుకుని రిపోర్టు మొదలుపెట్టింది. మొదటి వాక్యం పూర్తవకముందే ల్యాప్‌టాప్ లాకైపోయింది.

"చూశారా," అంది భర్తతో గర్వంగా, "ఎంత బాగా పనిచేస్తోందో!"