విప్పని ముడి

కాయితం రాసినోళ్ళారా, ముందు మీకే చెప్తున్నాను. నాగన్న కాలు తీసింది దవాఖాన కత్తి అనుకుంటున్నారేమో, కాదు. మీ కలం. పాలమూరు పల్లెల్లో ఎముక విరిగినవాడు ఎవరి గడపకు పోతాడో ఒక్క మనిషినీ అడగలేదు మీరు. పట్నంలో పంకా కింద కూర్చొని, వైద్యానికి సర్కారు సనదు లేనివాళ్ళు మనిషి ఒంటి మీద చెయ్యి వెయ్యొద్దని రాసి మొహరు గుద్దారు. సనదు ఉన్నవాళ్ళు ఎన్ని కోసులకు ఒకరున్నారో మాత్రం రాయలేదు. ఆ కాయితం ఎముకలు కట్టే అమృతమ్మ ఇంట్లో దూరి ఏం చేసిందో వినండి. మధ్యలో లేచిపోకండి.

ఆ పొద్దు కూడా అన్ని పొద్దుల లెక్కనే తెల్లారింది. కోడలు శాంతమ్మ వాకిలి ఊడ్చి పేడనీళ్ళు చల్లుతున్నది. అమృతమ్మ అరుగు మీద మినుములు చెరుగుతూ, ఉన్నట్టుండి చేట ఆపింది.

"శాంతా, వాకిట్ల ఎవరో ఒచ్చిండ్రు. చూడు."

"ఎవ్వరు లేరత్తమ్మా."

"కట్టె చప్పుడు ఇనొస్తలేదా? టక్కుమని ఒకటి. జర ఆగి మళ్ళొకటి."

"పక్కింటోళ్ళు జొన్నలు దంచుతుండ్రు. రోకలి చప్పుడది."

"రోకలికీ కట్టెకూ తేడా తెల్వనంత ముసల్దాన్నైన్నా?"

శాంతమ్మ మళ్ళీ చీపురు అందుకుంది. రెండు నెలలుగా ఇదే వరస. నాగన్న ఇల్లు ఊరికి ఆ కొసన ఉంది. చంక కింద కట్టె పెట్టుకొని దవాఖాన నుంచి వచ్చినవాడు ఒక్కసారి కూడా ఈ వీధిలో అడుగు పెట్టలేదు. అయినా రోజూ పొద్దున అమృతమ్మ చెవుల్లో ఆ కట్టె నడిచి వచ్చేది. గడప దాకా వచ్చి ఆగేది. లోపలికి వచ్చేది కాదు, వెనక్కి పోయేదీ కాదు.

ఎముకల కట్టు అమృతమ్మకు పుట్టింటి విద్య. తండ్రి కురుమూర్తి ఆమెకు మేక కాళ్ళ మీద నేర్పాడు. కళ్ళకు గుడ్డ కట్టి, మేక కాలు చేతికిచ్చి, ఎక్కడ విరిగిందో తడిమి చెప్పమనేవాడు. చెప్పినదాకా అన్నం లేదు. పదేళ్ళ పిల్లగా ఉన్నప్పుడే ఆమె వేళ్ళకు కళ్ళు వచ్చాయి. వెదురు దబ్బలు, మినుప్పిండి, కోడిగుడ్డు సొన, పాతచీర పేలికలు, ఇంతే ఆమె సామాను. కట్టిన మూడో రోజు వాపు చూసి కట్టు వదులు చేస్తుంది. పదకొండో రోజు విప్పి, చూసి, మళ్ళీ కడుతుంది. చుట్టూ పదూర్లలో ఆమె చేతి మీద నిలబడి నడుస్తున్న కాళ్ళు ఎన్నో ఆమెకే తెలియదు.

ఆ విద్యకు ఒక కట్టడి ఉంది. కట్టిన చెయ్యే విప్పాలె. దురద పెట్టగానే జనం కట్టు పీకేసి కాళ్ళు వంకర చేసుకుంటున్నారని తాతల నాడు ఎవరో పెట్టిన మాట అది. పోను పోను అదే దేవుడి మాటైంది. అమృతమ్మ కూడా కట్టు కట్టినాక రోగి చేత ఒట్టు వేయించుకునేది. "ఇంకో చెయ్యి తగిలితే ఎముక అలుగుతది" అనేది. అనడంలో కొంత భయం, కొంత గర్వం. గర్వమే ఎక్కువ. ఆ మాట ఇప్పుడు చెబితే ఆమే ఒప్పుకుంటుంది.

కొడుకు అనంతయ్య ఉర్దూ చదివాడు, పట్నం పోయి ఆయుర్వేదం పరీక్ష ఇచ్చి సనదు తెచ్చుకున్నాడు. ఆ సనదు పటం కట్టి గోడకు వేలాడుతున్నది. చెడ్డవాడు కాదు. జ్వరమొచ్చినవాడి ఇంటికి వానలో కూడా పోతాడు. కానీ కచేరి గుమాస్తాను చూస్తే చేతులు కట్టుకొని పక్కకు ఒదుగుతాడు.

జర్మనీ లడాయి నడుస్తున్న ఏడు అది. తొలకరికి ముందే కాయితం వచ్చింది. అనంతయ్యే తల్లిని కచేరికి తోలుకపోయాడు, పేరు రాయిద్దామని. గుమాస్తా కలం ముంచి అడిగాడు.

"ఏ కితాబు చదివినవ్?"

"కితాబు లేదు."

"ఉస్తాద్ ఎవరు?"

"మా నాయన."

"ఇమ్తెహాన్, పరీక్ష, ఎవరికిచ్చినవ్?"

"మేకలకిచ్చిన."

కచేరి కచేరంతా పడి పడి నవ్వింది. ఆమె నవ్వులాటకు అనలేదు, ఉన్నమాటే చెప్పింది. వేలిముద్ర వేయించుకొని, పట్నం రాస్తాం పొమ్మన్నారు.

భాద్రపదంలో నాగన్న మోటబావి ఒడ్డు మీద నుంచి జారి పడ్డాడు. పిక్క ఎముక విరిగింది. భార్య జోగులమ్మ బండి మీద తెస్తే అమృతమ్మ కట్టు కట్టి, ఎప్పటిలాగే ఒట్టు వేయించుకొని, మూడో నాడు రమ్మన్నది. రెండో నాడు పట్నం నుంచి జవాబు వచ్చింది. కితాబు లేదు, ఉస్తాదు లేడు, కాబట్టి సనదు లేదు. ఆ ఆడమనిషి ఇంకెవరిని ముట్టుకున్నా జైలు. ఆ ఇంట్లో ఇంకెవరికి సనదు ఉన్నా అదీ రద్దు.

మూడో నాడు జోగులమ్మ బండి కట్టుకొని వచ్చింది. అనంతయ్య తల్లిని లోపల గొళ్ళెం పెట్టుకొమ్మని, వాకిట్లోకి ఉరికి తలుపు దగ్గరేశాడు.

"మా అమ్మ ఇంక కట్టు ముట్టదు. దవాఖానకు తోలుకపోండ్రి."

"వాగు పొంగింది కదయ్యా, ఎట్ల దాటాలె? జర వదులు చేసి పంపుమను, సాలు."

"ముట్టదంటున్న కదా! ఊర్ల పోలీసు అమీన్ ఉన్నడు. పోండ్రి."

తలుపు వెనక అమృతమ్మ నిలబడి ఉంది. ఆమెకు అన్నీ వినపడ్డాయి. గొళ్ళెం లోపలి వైపే ఉంది, ఆమె చేతికి అందేంత దూరంలోనే. ఆమె తియ్యలేదు. కొడుకు సనదు పోతుందని తియ్యలేదు. బండి చక్రాల చప్పుడు మలుపు తిరిగినదాకా అట్లే నిలబడింది. వాగు తగ్గడానికి నాలుగు రోజులు పట్టింది. అప్పటికి కాలు నల్లబడింది. దవాఖానలో మోకాలి పైదాకా తీసేశారు.

ఇప్పుడు మళ్ళీ ఈ పొద్దుకు వద్దాం. అమృతమ్మ చేట పక్కన పెట్టగానే అనంతయ్య ఒక కాయితం, సిరా బుడ్డి పట్టుకొని లోపలి నుంచి వచ్చాడు.

"అమ్మా, దీని మీద వేలిముద్ర ఎయ్యి."

"ఏముంది దాంట్ల?"

"ఏముంటే ఏంది? నాగన్న కాలు సంగతి కచేరికెక్కింది. గట్టిగ కట్టుట్లనే పోయిందని రాసిండ్రు. నీ ఇంట్ల నీకు తెల్వకుంట ఎట్ల అయిందని నన్ను అడుగుతుండ్రు. సందేలకల్ల జవాబియ్యాలె."

"సదువు."

అనంతయ్య తల ఎత్తకుండా చదివాడు. నాకు మతి సరిగా లేదు. నాగన్నకు నేను కట్టు కట్టిన సంగతి నా కొడుక్కు తెల్వదు. మళ్ళ విప్పమని నా దగ్గరికి ఎవ్వరు రాలేదు.

"రాలేదా?" అన్నది అమృతమ్మ.

"అమ్మా..."

"బండి చక్రం ఒర్రుడు నా చెవులల్ల ఇంక పోలేదు కొడుకా. రాలేదని రాస్తివా?"

"నీ కోసమే రాసిన! జైల్ల ఏస్తరు నిన్ను. సనదు పోతే ముగ్గురం ఏం తిని బతుకుతం?"

"నా మతి మంచిగనే ఉన్నది. పోయిందంటే నీది పోయింది."

శాంతమ్మ చీపురు పట్టుకొని బిత్తరపోయి చూస్తున్నది. అప్పుడే వాకిట్లో టక్కుమని చప్పుడైంది. జరసేపటికి మళ్ళొకటి.

అమృతమ్మ కోడలి వైపు చూసింది. ఈసారి ఆమెకూ వినపడింది.

గడప దగ్గరికి వచ్చింది జోగులమ్మ. ఆమె వెనక, వాకిలి అవతలే, కట్టె మీద బరువు మోపి నాగన్న నిలబడ్డాడు. లోపలికి రాలేదు. ఒకసారి తలుపేసిన ఇంట్లోకి మళ్ళీ ఎట్లా వస్తాడు?

"రా జోగులమ్మా, కూసో," అన్నది అమృతమ్మ.

"కూసునేటందుకు రాలేదు పెద్దమ్మా. నీ సొమ్ము నీకిచ్చి పోదామని ఒచ్చిన." కొంగు ముడి విప్పి అరుగు మీద ఒక గుడ్డ పేలిక పెట్టింది. పాతచీర అంచు. గుడ్డను కత్తెరతో కోసిన గుర్తు ఉంది. నడుమ ముడి మాత్రం అట్లే ఉంది, మినుప్పిండి పట్టి ఎండిపోయి. "దవాఖానోళ్ళు కట్టు కోసిండ్రు గని ముడి విప్పలేదు. నేను అడిగి తెచ్చుకున్న."

అనంతయ్య అడుగు ముందుకేశాడు. "ఇప్పుడిదంతా ఎందుకు? పొద్దుపొద్దుగాల..."

"నువ్వు ఆగు వైద్యులయ్యా. నీకూ ఉన్నది, చెప్త." జోగులమ్మ అమృతమ్మ వైపు తిరిగింది. "ఈయన రోజూ లేని కాలు పట్టుకొని ఏడుస్తడు. బిగిసిపోతున్నదట. వేళ్ళు తిమ్మిరెక్కుతున్నయట. ఏ వేళ్ళు పెద్దమ్మా? ఎక్కడున్నయవి? ముడి ఉన్నన్ని దినాలు నాకు సుఖం లేదంటడు. కట్టిన చెయ్యే విప్పాలె కదా. విప్పు మరి!"

వాకిట్లో నాగన్న తల దించుకున్నాడు.

"ఆ నాలుగు దినాలు నేనేం చేసిన్నో ఎరుకనా నీకు? కొడవలి చేతుల పట్టుకొని ఆయన కాలు పక్కన కూసున్న. కోద్దునా అని అడిగితే, వద్దే, అమ్మకు ఒట్టు పెట్టిన, ఇంకో చెయ్యి తగిలితే ఎముక అలుగుతది అన్నడు. పండ్లు కొరుక్కుంటనే అన్నడు. నీ మాట మీద అంత నమ్మకం. కొడవలి నా చేతులనే ఉండె పెద్దమ్మా. నా చేతులనే ఉండె!"

అమృతమ్మ అరుగు అంచు పట్టుకుంది.

"నీ సంగతి," అని జోగులమ్మ అనంతయ్య దిక్కు వేలు చూపింది. "ఆమెకు సనదు లేదు, ముట్టొద్దంటిరి. నీకుండె కదా? ఆ గోడకు యాలాడుతున్నదేంది మరి? నువ్వన్న వచ్చి వదులు చెయ్యకపోతివి!"

అనంతయ్య గోడ మీది పటం వైపు చూశాడు. రెండు నెలలుగా వాడిని ఎవరూ అడగని ప్రశ్న అది. వాడు తనను తానూ అడుక్కోలేదు.

అమృతమ్మ ముడి చేతిలోకి తీసుకుంది. వేళ్ళు వాటంతటవే కొస వెతికాయి. దొరికింది కూడా. అక్కడ ఆగింది. ఒకసారి వాకిట్లోకి చూసి, లేచి, గడప దాటి నాగన్న ముందుకు నడిచింది. జోగులమ్మను దగ్గరికి పిలిచి ముడి ఆమె చేతిలో పెట్టింది.

"నువ్వే విప్పు."

"అమ్మా, కట్టిన చెయ్యే..." అన్నాడు నాగన్న బెదిరి.

"ఆ మాట నాది నాగన్నా. నా మాట నేను వాపసు తీసుకుంటున్న. విప్పు బిడ్డా. కొస కింద దాగి ఉంటది, చూడు. బొటనవేలితోని ఎనకకు నెట్టు. గుంజకు. నెట్టు."

జోగులమ్మ నెట్టింది. ఎండిన పిండి పొడిపొడిగా రాలింది. ముడి జారిపోయింది. పేలిక రెండు చేతుల మధ్య పొడుగ్గా వేలాడింది.

ఆమె దాన్ని చూస్తూ ఉండిపోయింది. "ఇంతేనా?"

పేలికను అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఇంతేనా పెద్దమ్మా? ఇంత సులువా?" అంటూ జోగులమ్మ వాకిట్లో కూలబడి నెత్తి కొట్టుకుంది.

అమృతమ్మ ఆమెను పట్టుకొని తానూ కూలబడింది. "చెప్తే సరిపోతుండె బిడ్డా. ఒక్క మాట చెప్తే సరిపోతుండె. నా చెయ్యే గొప్పదనుకొని చెప్పకపోతి. తలుపెనక నిలబడి గొళ్ళెమన్న తియ్యకపోతి." చీర కొంగు నోట్లో కుక్కుకున్నా ఏడుపు ఆగలేదు. నాగన్న కట్టె పక్కన పడేసి, తడుముకుంటూ, వాళ్ళ పక్కనే నేల మీద చతికిలబడ్డాడు. లేని కాలు ఉన్న చోట చెయ్యి పెట్టి చూసుకున్నాడు.

"జర వదులైంది," అన్నాడు. నిజంగా అయిందో, ముసలామె కోసం అన్నాడో.

అనంతయ్య వచ్చి తల్లి ముందు గొంతుకూర్చున్నాడు. సిరా బుడ్డి, ఆ కాయితం చేతిలోనే ఉన్నాయి. కాయితం తిరగేశాడు. వెనక వైపు తెల్లగా ఉంది.

"నాగన్నా, తలుపేసింది నేను," అన్నాడు. కళ్ళ నీళ్ళు కాయితం మీద పడుతుంటే మోచేత్తో తుడిచాడు. "అమ్మా, ఉన్నదున్నట్టు చెప్పు. రాస్త. ఏదైతే అదైతది."

"సనదు పోతది కొడుకా."

"పోనియ్యి. చెప్పు."

అమృతమ్మ ముందు కోడలిని పిలిచింది. "శాంతా, దొడ్లకెళ్ళి మేకను పట్టుకరా. జోగులమ్మా, నువ్వు యాడికీ పోకు. కట్టుడు నేర్వటానికి ఏండ్లు పడ్తది. విప్పుడు ఈ పొద్దే నేర్పుత, మీ ఇద్దరికీ. రేపు ఎవరొస్తే వాళ్ళకు. వేళ్ళు సల్లవడితే, రంగు మారితే, నా కోసం సూడొద్దు. ఎవ్వరి చెయ్యైనా సరే, ముడి తియ్యాలె." అప్పుడు కొడుకు వైపు తిరిగింది.

"రాయి. నాగన్న కాలు పోవుట్ల తప్పు మూడు చేతులది. వద్దని రాసిన చెయ్యొకటి, తలుపేసిన చెయ్యొకటి, ఎవ్వరినీ విప్పనియ్యని నా చెయ్యొకటి. మా తప్పు మేము దిద్దుకుంటున్నం. మీది మీరు దిద్దుకోండ్రి. కితాబు ఏదని అడుగుతిరి, చెయ్యి ఎట్లున్నదని ఒక్కడు అడగలే. మా ఊరికి రాండ్రి. నా కండ్లకు గుడ్డ కట్టి, విరిగిన కాలు నా ముందర పెట్టి, ఇమ్తెహాన్ తీసుకోండ్రి. నా పనిల తప్పుంటే చూపుండ్రి, ఈ వయసుల నేర్చుకుంట. తప్పు లేకుంటే సనదియ్యుండ్రి, నాకు, నాసొంటోళ్ళకు. మేమియ్యం అంటరా, అయితే ఈ పదూర్లకు ఎముకలు కట్టెటోన్ని మీరే పంపుండ్రి. రెండిట్ల ఏదో ఒకటి చెయ్యుండ్రి. వాగు మళ్ళ పొంగకముందే చెయ్యుండ్రి."

వేలు సిరాలో ముంచి, ఆమె గట్టిగా అద్దింది.