ఎడమ కొసన గుండీ

పొద్దున్నే తల్లి తెచ్చి పెట్టిన మంచినీళ్లను కూతురు ముట్టుకోలేదు. ఉద్యోగం చేసే ఊరి నుంచి ఇప్పుడే బస్సు దిగింది, గొంతు పిడచకట్టుకుపోతోంది. అయినా గ్లాసు బల్ల మీద అలాగే ఉంది.

"మన బావి నీళ్లు నీకు రుచించడం లేదా, లెక్కలమ్మా?" అని నవ్వింది వదిన, ఏడో నెల కడుపుతో కుర్చీలో కూర్చుంటూ. చిన్నప్పటి నుంచీ ఇంట్లో కూతురికి అదే పేరు.

లెక్కలమ్మ సంచిలోంచి ఒక కాగితం తీసి తండ్రి ముందు పెట్టింది. ఆఫీసుకు నీళ్లు పరీక్షించే యంత్రం కొత్తగా వచ్చిందని, పోయిన నెల సరదాకి ఇంటి బావి నీళ్లు ఒక సీసాడు పట్టుకెళ్లింది. తాగే నీళ్లలో ఉండదగిన దానికి పదకొండు రెట్లు కలుపుమందు ఉందని నిన్ననే తేలింది. సరదా అక్కడితో సరి.

"మన బావిలోనా?" అన్నాడు తండ్రి.

"మన బావిలోనే. అంత మందు ఎందుకు కొట్టావు నాన్నా?"

"నా ఇష్టమొచ్చినట్టు కొట్టానా? నువ్వు పెట్టిచ్చినది చూసే కొట్టాను. అది ఎంత చెప్తే అంత. ఒక్క మూత ఎక్కువ కలపలేదు."

ఆ పెట్టిచ్చినది ఆమె చేతులతో తయారుచేసిన సాఫ్ట్‌వేర్. ఏ మందు ఎంత కొడితే కలుపు పోయి ఎంత లాభమో, అందులో ఎంత నేలలోకి దిగి నీళ్లలో కలుస్తుందో రెండూ తూచి చెబుతుంది. తెర మీద ఒక గీత, దాని మీద ఒక గుండీ. ఎడమ కొసన లాభం, కుడి కొసన నీళ్లు. తనకు ఏది ఎంత ముఖ్యమో చూసుకుని రైతే గుండీని జరుపుకోవాలి.

తండ్రి కంప్యూటర్‌ను తెరిచి చూసింది. గుండీ ఎడమ కొసకు అతుక్కుని ఉంది.

"దీన్ని జరపలేదా?"

"నువ్వు పెట్టినదాన్ని నేనెందుకు కదుపుతాను? చదువుకున్న పిల్ల, ఆలోచించే పెట్టి ఉంటుందనుకున్నాను. మీ అన్నయ్య ఒకసారి వేలు పెట్టబోతే చేతి మీద ఒకటిచ్చాను కూడా."

ఆమెకు అప్పుడు గుర్తొచ్చింది. ఆరేళ్ల కిందట ఆఫీసు పెద్దలను ఈ గదిలోనే కూర్చోబెట్టి తమ చేను లెక్క చూపించింది. లాభం అంకె ఘనంగా కనబడాలని గుండీని ఆ కొసకు తోసింది. వాళ్లు మెచ్చుకున్నారు. ఆ సంబరంలో వెనక్కి జరపడం మరిచిపోయింది.

"వాళ్లకు చూపించడానికి పెట్టాను నాన్నా. మరిచిపోయాను."

తల్లి గోడకు చేరగిలబడింది. వదిన మెల్లగా లేచి నిలబడింది.

"పోయినేడు నా కడుపు నిలవకపోవడం కూడా దీనివల్లేనా?"

"తెలీదు వదినా. ఎవరూ చెప్పలేరు."

అదే నిజం. అవునన్నా కాదన్నా ఆ మనిషికి ఏడవడానికో ఊపిరి పీల్చుకోవడానికో ఒక దారి ఉండేది.

"ఇప్పుడు జరుపు," అన్నాడు తండ్రి. జరిపింది. మందు వాడవద్దని వచ్చింది. దాని కింద, నీళ్లు మళ్లీ తాగడానికి పనికొచ్చే గడువు: ఇరవై ఆరేళ్లు.

"ఇంకాస్త జరుపు తల్లీ."

"ఇదే కొస నాన్నా."

ఆయన కంప్యూటర్ మూసేశాడు. తర్వాత కూతురి తల మీద చెయ్యి వేశాడు. "నువ్వొక్కదానివే కాదులే. గడ్డిపరక లేని చేను నాదని ఊరంతా చెప్పుకుని తిరిగింది నేనే కదా."

తిట్టినా బాగుండేది. ఆ చేతి కింద ఆమె వెక్కి వెక్కి ఏడ్చింది.

లోపలి గదిలో వదిన పుట్టింటికి బట్టలు సర్దుకుంటోంది. లెక్కలమ్మ గుమ్మంలో నిలబడిపోయింది. "క్షమించమని అడిగే ముఖం కూడా లేదు వదినా."

వదిన బట్టల గుట్టలో సగం ఇటు తోసింది. ఇద్దరూ మంచం మీద కూర్చుని మడతపెట్టసాగారు. గుట్ట అడుగున అరచేయంత చొక్కాలు నాలుగు బయటపడ్డాయి.

"అవి జాగ్రత్త," అంది వదిన, తల ఎత్తకుండా. "పోయినేడు కుట్టినవి."