చప్పుడు లేని తెల్ల కారు

శుక్రవారం ఉదయం 5:55.

శవం రోడ్డు పక్కన, మురికి కాలవ అంచున ఉంది. ఎవరో పాత దుప్పటి కప్పారు. దుప్పటి పొట్టిది. రెండు పాదాలు బయటే ఉన్నాయి. ఒక కాలికి హవాయి చెప్పు ఉంది. రెండోది పది అడుగుల అవతల పడి ఉంది.

ఇన్‌స్పెక్టర్ అరుణజ్యోతి ముందు ఆ రెండో చెప్పునే చూసింది. పట్టీ ఊడిపోతే పిన్నీసు పెట్టుకుని తొడుక్కుంటున్న చెప్పు. ఆమెకు కోపం అక్కడే మొదలైంది.

"పేరు కిష్టమ్మ మేడం," ఎస్సై సాంబమూర్తి నోట్‌బుక్ చూస్తూ చెప్పాడు. "యాభై రెండేళ్లు. ఎల్‌బీ నగర్‌లో ఇల్లు. దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక లేడీస్ హాస్టల్లో వంటమనిషి. వెనకనుంచి కారు గుద్దింది. హిట్ అండ్ రన్."

"ఎల్‌బీ నగర్ నుంచి నడిచే వస్తోందా?"

"ఇంకేం చేస్తుంది మేడం? సమ్మెలో బస్సుల్లేవు. ఈరోజు బంద్, ఆటోలూ లేవు."

2011 అక్టోబరు. తెలంగాణ కోసం సకలజనుల సమ్మె మొదలై నెల దాటింది. సింగరేణిలో బొగ్గు ఆగింది. ఊళ్లో కరెంటు ఎప్పుడుంటుందో ఎప్పుడు పోతుందో ఎవరూ చెప్పలేరు. తెల్లవారుజామున దిల్‌సుఖ్‌నగర్ పక్కనున్న ఈ కాలనీలో ఒక్క వీధిదీపం కూడా వెలగలేదు.

ఎదురింటి గేటు దగ్గర సుమిత్రమ్మ నిలబడి ఉంది. చేతిలో చీపురు ఇంకా వదల్లేదు.

"ఏం చూశారమ్మా?"

"వాకిలి ఊడుస్తున్న మేడం. ఐదుంబావు దాటింది. ధన్‌మని వినబడ్డది. తలెత్తి చూసేసరికి తెల్ల కారు మూల తిరుగుతున్నది. వెనక లైట్లే కనబడ్డయ్."

"అంతకుముందు కారు వచ్చే చప్పుడు?"

"లేదు. ఉత్త గాలి లెక్క పోయింది. దయ్యం బండి లెక్క."

సాంబమూర్తి గొంతు తగ్గించాడు. "చప్పుడు లేదంటే పెట్రోల్ కారు మేడం. ఈ కాలనీలో తెల్ల పెట్రోల్ కారు ఒక్కటే. రాఘవేంద్రది. కోచింగ్ సెంటర్లో ఫిజిక్స్ లెక్చరర్. ఎడమ హెడ్‌లైట్ పగిలి ఉంది. తీసుకొచ్చి జీపులో కూర్చోబెట్టాం."

కేసు అయిపోయినట్టే అన్నాడు. ఇరవై నిమిషాల్లో.

"పంచనామాలో ఏం రాశారు?"

"స్టీలు టిఫిన్ బాక్సు. చెప్పులు. చీర కొంగు ముక్క. ఓ నల్లగుడ్డ పీలిక, అది చెత్త."

అరుణజ్యోతి వంగి ఆ పీలిక తీసింది. అరచేతిలో సగం ఉంది. గుడ్డ కాదు. ఒకవైపు మందంగా నల్లటి ఫెల్టు. రెండోవైపు వెండిరంగు రేకు కాగితం. వాసన చూసింది. డీజిల్, దానితో పాటు గమ్ వాసన.

"చెత్త అని ఎవరు చెప్పారు?"

ఆమె దాన్ని కవర్లో వేసింది.

9:30. స్టేషన్.

బయట నినాదాలు. వాటన్నిటికంటే పైన ఒక గొంతు వినిపిస్తోంది. మల్లికార్జునరావు. కాలనీ సంఘానికి ప్రెసిడెంటు, బంద్ కమిటీకి కన్వీనర్. ఒకప్పుడు లారీలు తిప్పినవాడు. ఆ గొంతుకి మైకు అక్కర్లేదు.

"మా ఆడిబిడ్డను తొక్కి సంపిండు! బంద్ అంటే వానికి లెక్క లేదు! సాయంత్రం లోపల లోపలేయకుంటే రోడ్డు మీద కూసుంటం!"

ఏసీపీ ఫోన్ చేశాడు. గొడవ పెద్దది కాకముందే అరెస్టు చూపించమన్నాడు. మూడు గంటలకు రాఘవేంద్రను కోర్టులో హాజరుపరచాలి.

"అంటే నాకు ఐదున్నర గంటలుంది సర్," అంది అరుణజ్యోతి. ఫోన్ పెట్టేసింది.

రాఘవేంద్ర బల్లకి అవతల కూర్చున్నాడు. చొక్కా బొత్తాలు తప్పుగా పెట్టుకున్నాడు.

"ఐదూ ఇరవైకి ఎక్కడున్నారు?"

"పడుకున్నానండి."

"సాక్షి?"

"మా ఆవిడ రాజమండ్రి వెళ్లిందండి. ఎవరూ లేరు."

"హెడ్‌లైట్?"

"మంగళవారం రాయి పడిందండి."

"కంప్లైంట్ ఎందుకు ఇవ్వలేదు?"

అతను తలెత్తాడు. కళ్లలో నీళ్లు లేవు, ఉక్రోషం ఉంది. "ఎవరి మీద ఇమ్మంటారండి? పదిహేనేళ్లుగా ఆ వీధిలోనే ఉంటున్నాను. కిష్టమ్మగారు రోజూ బస్సు దిగి మా గేటు ముందునించే వెళ్లేది. ఏం లెక్చరర్ సాబ్, టిఫిన్ అయిందా అని అడిగేది. ఆవిణ్ణి నేను గుద్దేసి పారిపోయానా?"

ఆమె బయటికి వెళ్లి అతని కారు చూసింది. పగిలిన హెడ్‌లైట్ గూట్లో సాలీడు గూడు కట్టి ఉంది. బానెట్ ఎత్తింది. కింద ఒట్టి రేకు. ఫెల్టు లేదు, గమ్ మరక లేదు.

"సాలెగూడు మీద టైము ఉండదు కదా మేడం," అన్నాడు సాంబమూర్తి.

"ఉండదు. నీకు కళ్లు ఉండాలి."

11:40. ఎల్‌బీ నగర్.

కాలనీ కార్లన్నీ రిపేరుకి వచ్చేది సాయినాథ్ మెకానిక్ షెడ్డుకే. షట్టరు సగం దించి ఉంది. అరుణజ్యోతి వంగి లోపలికి వెళ్లింది. కవరు చూపించింది.

"ఇదేంది?"

సాయినాథ్ చేతులు తుడుచుకుంటూ ఆగిపోయాడు. "సౌండ్ తగ్గించేటిది మేడం. పాత డీజిల్ బండ్లకు బానెట్ కింద అతికిస్తం."

"నువ్వు ఈ మధ్య ఏ తెల్ల కారుకి అతికించావు?"

"పేరు అడగకుండ్రి మేడం. నేను ఈడ బతకాలె. బంద్ నాడు షట్టర్ తీస్తే రాళ్లేసేటోళ్లతోని నాకు లొల్లి వద్దు."

ఆమెకు అరవాలనిపించింది. అరవలేదు. స్టూలు లాక్కుని కూర్చుంది.

"సరే. పేరు చెప్పకు. పని చెప్పు."

పని అడిగితే మెకానిక్ మాట్లాడతాడు. సాయినాథ్ కూడా మాట్లాడాడు.

"ముందుగాల ఇంజన్ మౌంటింగ్ రబ్బర్లు మార్చాలె. ఇంజన్ కూసునేది వాటి మీదనే. అవి కుళ్లినయంటే ఇంజన్ ఊగేదంత బాడీకి ఎక్కుతది, బండి మొత్తం డప్పు లెక్క మోగుతది. తర్వాత సైలెన్సర్ల బొక్కలుంటే వెల్డింగ్. ఆఖరుకు బానెట్ కింద ఫెల్టు. గంతే. లోపల కూసున్నోనికి బండి స్టార్టయిందో లేదో తెల్వదు."

"తీసిన పాత రబ్బర్లు ఏం చేస్తావు?"

"కస్టమర్‌కే ఇస్తం. కవర్ల కట్టి డిక్కీల పెడ్తం. లేకుంటే మార్చకుండనే మార్చిన అంటున్నవని అనుమానపడ్తరు."

"బోల్టులు కూడానా?"

"అవి తుప్పు పట్టుంటయ్, కోసి తీస్తం. కొత్తవి ఏస్తం."

అరుణజ్యోతి లేచింది. "రెండింటికి కిష్టమ్మ చనిపోయిన కాలనీకి రావాలి. రాకపోతే జీపు వస్తుంది."

2:10. కాలనీ సంఘం ఆఫీసు ముందు.

వందమంది పోగయ్యారు. ఒక పక్క రాఘవేంద్ర, కానిస్టేబుళ్ల మధ్య. జనం చివర సాయినాథ్, తల వంచుకుని. గోడకి ఆనుకుని కిష్టమ్మ భర్త అంతయ్య. పొద్దున్నించి అతను ఒక్క మాట మాట్లాడలేదు. చేతిలో ఆ స్టీలు టిఫిన్ బాక్సు ఉంది.

మల్లికార్జునరావు డీజిల్ అంబాసిడర్ ఆఫీసు పక్క షెడ్డులో ఉంది. తెల్లది. పదహారేళ్ల బండి. కాలనీలో తెల్ల డీజిల్ కారు అదొక్కటే.

"ఏంది మేడం, నా మీదనా అనుమానం?" అతను నవ్వాడు. "ఈ బండి తీస్తే మలక్‌పేట దాంక వినబడ్తది. అడుగుండ్రి ఎవర్నన్న."

జనంలో కొందరు నవ్వారు. "నిజమే మేడం, కుక్కలు గూడ లేస్తయ్," అన్నాడొకడు.

"వారం రోజుల్లో ఎవరైనా విన్నారా?"

"బంద్ కదా, అన్న బండి బయటికే తీయలే."

"స్టార్ట్ చేయండి."

అతను కూర్చుని తాళం తిప్పాడు. ఇంజన్ దగ్గింది, ఒణికింది, అరిచింది. షెడ్డు రేకులు గలగలలాడాయి. సుమిత్రమ్మ చెవులు మూసుకుంది. "ఇది కాదు మేడం! ఇదైతే నాకు ఎరికే!"

మల్లికార్జునరావు దిగాడు. చేతులు దులుపుకున్నాడు. "అయిందా?"

"కాలేదు. బానెట్ ఎత్తండి."

టార్చ్ వెలుగు ఇంజన్ పక్కకి దిగింది. అరుణజ్యోతి సాంబమూర్తిని పిలిచింది.

"ఆ రబ్బరు ఎట్లుంది?"

"కుళ్లిపోయింది మేడం. నూనె తాగి ఉబ్బి, చీలిపోయింది."

"దాన్ని పట్టుకున్న బోల్టు?"

సాంబమూర్తి ఇంకాస్త వంగాడు. కొంచెంసేపు లేవలేదు.

"తళతళ మెరుస్తోంది మేడం. కొత్తది. అవతలివైపుదీ కొత్తదే."

"పదహారేళ్ల కుళ్లిన రబ్బరుకి వారం కూడా కాని బోల్టు ఎవడు వేస్తాడు?" ఆమె జనం వైపు తిరిగింది. "ఎవడూ వేయడు. కొత్త రబ్బరుతో పాటు వచ్చిన బోల్టు అది. ఈయన కొత్త రబ్బర్లు విప్పేశాడు. డిక్కీలో కవర్లో ఉన్న పాతవి మళ్లీ బిగించాడు. కింద చూడండి, సైలెన్సర్ కొత్త వెల్డింగు మీద ఉలితో బొక్క కొట్టాడు. లారీలు తిప్పిన చెయ్యి, స్పానరు పట్టడం తెలుసు. కానీ పాత బోల్టులు లేవు. అవి కోసేశారు. ఎవరు కోశారు సాయినాథ్?"

సాయినాథ్ తల వంచుకునే చెప్పాడు. "నేనే మేడం. సోమవారం. చప్పుడు బయటికి రావద్దన్నడు."

మల్లికార్జునరావు గొంతు లేచింది. "ఎవనో చెప్తే..."

"ఆగండి." ఆమె కవరులోంచి పీలిక తీసింది. బానెట్ లోపల గమ్ మరకలు చతురస్రంగా ఉన్నాయి. ఒక మూల గ్రిల్లు పైన చిరిగిన ఫెల్టు అంచు ఇంకా అంటుకుని ఉంది. దాని పక్కన పీలిక పెట్టింది. చిరిగిన అంచుకి చిరిగిన అంచు అతికింది. "ఇది కిష్టమ్మ పక్కన దొరికింది. మీ బానెట్ కింద మిగిలింది పీకేశారు. ఇది మాత్రం గుద్దినప్పుడే ఊడి గ్రిల్లులోంచి పడిపోయింది. ఐదూ ఇరవైకి ఎక్కడికి బయల్దేరారు?"

జనంలోంచి ఒక మేస్త్రీ గట్టిగా అన్నాడు.

"హయత్‌నగర్ల ఆయన కొత్తిల్లుకు ఇయ్యాల స్లాబు మేడం. పొద్దుగాల ఆరింటికి పోశిన్రు. మా సైటు మాత్రం పది దినాల సంది బంద్ పెట్టించిండు."

వందమందీ ఒకేసారి అరిచారు. పొద్దున రాఘవేంద్రను తిట్టిన నోళ్లే అవి. అరుణజ్యోతికి ఆ అరుపుల మీద కూడా కోపం వచ్చింది.

"బేడీలు వేయండి. రాఘవేంద్రగారిని వదలండి. కారు స్టేషన్‌కి తీసుకురండి."

రాఘవేంద్ర ఇంటివైపు వెళ్లలేదు. నడిచొచ్చి అంతయ్య పక్కన నిలబడ్డాడు. అప్పుడు అంతయ్య నోరు విప్పాడు.

"నేను గూడ జెండా పట్టుకుని నడిచినోన్నే మేడం. నెల దినాలు కూలికి పోలే. మా ముసల్ది ఒక్కనాడు అడ్డం చెప్పలే." టిఫిన్ బాక్సుని గట్టిగా పట్టుకున్నాడు. "గీ బండి చప్పుడు దానికి పదేండ్ల సంది ఎరికే. చీకట్ల గూడ ఎరికే. వినబడంగనే కాలవ దిక్కు జరిగేది. పొద్దున గా చప్పుడే ఉంటే జరగకపోవునా?"

కానిస్టేబుల్ అంబాసిడర్ స్టార్ట్ చేశాడు. కాలనీ అంతా దద్దరిల్లింది. జనం అటూ ఇటూ జరిగి దారి ఇచ్చారు.

అంతయ్య మాత్రం నడుచుకుంటూ వెళ్లి రోడ్డు మధ్యలో నిలబడ్డాడు.

కానిస్టేబుల్ బ్రేకు వేశాడు. హారన్ మీద చెయ్యి పెట్టి అరుణజ్యోతి వైపు చూశాడు.

"హారన్ కొట్టావంటే చూడు," అంది ఆమె. "ఆయన జరిగేదాకా ఆగు."