మా అల్లుడు కూలోడెట్లయితడు?

"కూలోడని చెప్పాల్నా! సచ్చిపోయిన నా అల్లుణ్ని... కోర్టుల నిలవడి కూలోడని చెప్పాల్నారా!"

పోశవ్వ పెట్టిన ఆ కేకకు నెక్కొండ స్టేషన్లో ఆగాల్సిన ప్యాసింజరు ఆగకుండానే వెళ్లిపోయిందని ఊళ్లో ఇప్పటికీ చెప్పుకుంటారు.

కూతురు చిలుకమ్మ మాత్రం చంటిదాన్ని ఒళ్లో వేసుకుని, గోడకు ఆనుకుని చూస్తూ ఉండిపోయింది. ఏడవాలంటే కన్నీళ్లుండాలి కదా! మిర్చి లారీ బోల్తా పడి, ఆ బస్తాల కింద భర్త ఎల్లస్వామి నలిగిపోయిన నాటి నుంచి అవి కారీ కారీ ఇంకిపోయాయి. ఆ లారీ ఎవరిదో కాదు... ఆమె తమ్ముడు కైలాసందే!

"వకీల్ సాబ్ ఏం చెప్పిండో జర ఇనవే అమ్మా," కైలాసం బతిమాలాడు. "లారీకి ఇన్సూరెన్స్ ఉన్నది. గని అది లోడు కూలోళ్లకే. ఊకె ఎక్కిన చుట్టాలకు లేదు. బావ కూలికే వచ్చిండని కోర్టు నమ్మితే కంపెనోళ్లు అక్కకు కడ్తరు. నమ్మకపోతే నేను కట్టాలె. లారీ అమ్మినా నాతోని గాదు!"

నిజానికి ఎల్లస్వామి చేసింది కూలి పనే. అతను బస్తా ఎత్తితే లారీకే సిగ్గయ్యేది. కానీ పోశవ్వ చేసే అల్లుడి మర్యాద సామాన్యమైనదా! అతను గడపలో కాలు పెట్టగానే పెరట్లో కోళ్లు వాటంతటవే వీలునామాలు రాసుకునేవి. అటువంటి అల్లుడు బామ్మర్ది ముందు కూలికి చెయ్యి చాపడమా! అందుకని కైలాసం ఆ డబ్బు తల్లికిచ్చేవాడు. ఆమె దాన్ని తమలపాకులో పెట్టి, "అల్లునికి బట్టలకు బిడ్డా," అంటూ కూతురి కొంగున కట్టేది. కూలీల పేర్లు రాసేటప్పుడు కూడా బావ పేరు రాయనిచ్చేది కాదు. తోటి కూలీలను సాక్ష్యం అడిగితే, "ఆయన ఓనరు బావ. కూలి తీస్కుంటే మేమెన్నడు సూడలే," అనేశారు. ఆ తమలపాకులో ఉన్నది కూలేనని చెప్పాల్సింది ఇప్పుడు ఇచ్చిన చెయ్యే... పోశవ్వే!

"అమ్మా... పిల్లల మొకం సూడే. ఒక్క మాటనే గదనే!"

"ఒక్క మాటనా? ఆ మాట అన్నంక ఎల్లస్వామి నా కలలకన్న వస్తడా బిడ్డా!"

చివరికి ఏడుస్తూనే ఒప్పుకుంది. పొద్దస్తమానం "కూలోడు... కూలోడు..." అని వల్లె వేసింది. పక్కింటి మేక కూడా అలాగే అరవడం మొదలు పెట్టింది గాని, పాపం, మేకను కోర్టు సాక్షిగా పిలవలేదు!

హనుమకొండ కోర్టులో ముందు చిలుకమ్మ బోనెక్కింది. "కూలోడే సారూ..." అంది. ఆ మాట అంటుంటే ఆమె చెయ్యి పుస్తెలు లేని మెడను తడుముకుంది. తరువాత పోశవ్వ వంతు. ఆమె కూడా చెప్పేసింది! కైలాసం ఊపిరి పీల్చుకున్నాడు...

అప్పుడు లేచాడు కంపెనీ వకీలు. వెన్న రాసుకున్నట్టున్న గొంతు.

"అవ్వా, మీ అల్లుడు ఇంటికొస్తే ఎక్కడ కూసునేటోడు? కూలోళ్ల పక్కన... బయట అరుగు మీదనేనా?"

పోశవ్వ ముఖం ఎర్రబడింది.

"అరుగు మీదనా! ఎవల్ని పట్టుకోని ఏమంటాన్నవ్ కొడుకా! కాళ్లకు నీళ్లిచ్చి, పీటేసి, నా చేతులతోని వడ్డించేదాన్ని!"

"అట్లనా! మరి ఇచ్చిన పైసలు?"

"బట్టలకు! అల్లునికి బట్టలకు పెట్టుకోమా మేము?"

"అంటే కూలోడు కాదు."

"మా అల్లుడు కూలోడెట్లయితడు? లారీల గూడ ముందల సీటే ఆయనది!"

నడినెత్తిన తిరుగుతున్న ఫ్యాను కూడా ఒక చుట్టు ఆగి ఆమె వైపు చూసింది. పోశవ్వ గబుక్కున చేత్తో నోరు మూసుకుంది. కానీ మాట బయటపడిపోయింది... జడ్జిగారు రాసుకోవడం కూడా అయిపోయింది!

తీర్పు వచ్చింది. కంపెనీకి సంబంధం లేదు. చనిపోయినవాని భార్యకు లారీ ఓనరే కట్టాలి. అక్కకు తమ్ముడు!

ఆ రోజు సుబేదారి రోడ్డు మీద, కోర్టు గోడ పక్కనే పోశవ్వ కూలబడింది. "నా నోరు పడిపోను! ఇద్దర్నీ నేనే ముంచిన!" అని తల బాదుకుంది. కైలాసం జేబులోంచి లారీ తాళం తీసి అక్క ముందు పట్టుకున్నాడు.

చిలుకమ్మ తాళం ముట్టలేదు. ముందు తల్లి చేతులు పట్టుకుని ఆపింది.

"కొట్టుకోకమ్మా... బస్తాలు మోసి మోసి వీపు పుండైతే, నువ్వేసిన పీట మీద కూసున్నంక మరిచిపోయేటోడు. నిన్నెట్ల తిట్టాల్నే నేను?"

తరువాత తమ్ముడి వైపు తిరిగింది.

"తాళం లోపట పెట్టు తమ్మీ. లారీ అమ్మితే నీ పిల్లలు, నా పిల్లలు కలిసి అడుక్కతినాలె. రేపు మిర్చి లోడున్నదా?"

"ఉన్నదక్కా..."

"బస్తాలు కుట్ట నేనొస్త. నా పేరు కూలోళ్లల్ల రాయి. పైసలు నా చేతులనే పెట్టు... అందరు సూడంగ."

"అక్కా! ఇంటి ఆడబిడ్డవు... నీ పేరెట్ల రాయాల్నే!" కైలాసం బావురుమన్నాడు.

"రాయి తమ్మీ."

పోశవ్వ చివ్వున తలెత్తింది. "మా ఇంటి ఆడబిడ్డ..." అన్న మాట పెదవుల దాకా వచ్చింది. కొంగు చివర నోట్లో కుక్కుకుని, ఆ మాటను లోపలే మింగేసింది...