మామయ్యకు కొత్త రంగు

"మామయ్యకి లివరు ఎడమవైపు పెడుతున్నారేంటండీ?"

పెయింటరు తలెత్తి చూశాడు. గుమ్మంలో నర్సింగ్ కాలేజీ అనాటమీ మేడం నిలబడి ఉంది.

మామయ్య అంటే మనిషి కాదు. తల నుంచి నడుము దాకా ఉన్న ప్లాస్టరు బొమ్మ. ఛాతీ మూత తీస్తే లోపలి అవయవాలన్నీ ఒక్కొక్కటే ఊడివస్తాయి. ఆ పేరు ఏనాటి పిల్లలు పెట్టారో గానీ స్థిరపడిపోయింది. రంగులు వెలిసిపోతే వేయించడానికి ఇతన్ని పిలిపించారు.

"కుడివైపే పెడుతున్నానండీ. ఇదిగో, నా కుడి."

"మీ కుడి ఎవరిక్కావాలి? మామయ్య కుడి చూడాలి."

"అందుకా, పొద్దుట్నుంచీ ఎంత ఇరికించినా పట్టనంటోంది! అల్లుడి మీద అలకేమో అనుకున్నా."

"అల్లుడా?"

"మామయ్య అని మీరేగా అన్నారు!"

ఆమె నవ్వు ఆపుకుని వెళ్ళిపోయింది. మర్నాడు మాత్రం పని లేకపోయినా వచ్చింది.

అమ్మ పోయాక ఆమె అద్దెగదిలో ఒక్కతే. ఆదివారం ఉదయం వదిన ఫోను చేసి "తిన్నావా అమ్మాయ్" అంటుంది. ఆ మాట అయిపోతే ఇక ఆ రోజుకి గొంతు విప్పే పనే ఉండదు. సాయంత్రాలు కాలేజీ ఖాళీ అయ్యాక, "వస్తా మామయ్యా" అని ఆ బొమ్మకు చెప్పి లైటు ఆర్పేది. మనిషికి మనిషిని తోడు చేసే దేవుడు కొందరిని మరిచిపోతాడా? దండం పెట్టుకునేటప్పుడు అడగబోయి ఆగిపోయేది. అడిగితే తప్పేమో.

"కిడ్నీలు రెండు, ఊపిరితిత్తులు రెండు. గుండెనొక్కదాన్నే ఒంటరిగా పెట్టాడు చూశారా దేవుడు?" అన్నాడు పెయింటరు ఒకనాడు, గుండెకు ఎరుపు వేస్తూ.

"లివరూ ఒక్కటేనండీ. అది ఏనాడైనా బెంగపెట్టుకుందా? నోరు మెదపకుండా ఒంటికంతా చాకిరీ చేస్తుంది."

"మీలాగా?"

బయట వాన మొదలైంది. ఆమె కిటికీ మూయడానికి వెళ్ళి, ఆ గొళ్ళెం దగ్గరే చాలాసేపు ఉండిపోయింది.

చివరికి రంగు ఆరింది. పని అయిపోయింది. అతను కుంచెలు పెట్టెలో సర్దుతున్నాడు.

"రేపట్నుంచి రారన్నమాట."

"పని లేదుగా అండీ." పెట్టె మూత వేస్తూ అడిగాడు. "రేపేం పాఠం?"

"రక్తప్రసరణ. పిల్లలు జతలుగా కూర్చుని ఒకరి నాడి ఒకరు చూస్తారు. నాకు జత ఎవరూ ఉండరుగా. నాది నేనే చూసుకుని చూపిస్తా."

"ఒకసారి నేను చూడనా?"

ఆమె చెయ్యి చాపింది. అతను మణికట్టు మీద బొటనవేలు నొక్కిపెట్టి కళ్ళు మూసుకున్నాడు. అతని మొహం విప్పారింది.

"అబ్బో, పరుగులు పెడుతోందండీ! నోటితో చెప్పకపోయినా తెలిసిపోయింది. నేను వెళ్ళడం మీకూ ఇష్టం లేదు."

పాఠం చెప్పడం ఆమెకు అలవాటైన పనే. ఈ ఒక్కటీ చెప్పాలా వద్దా అనిపించింది. చెప్పకపోతే ఈ మనిషి సంతోషంగానే ఉంటాడు. కానీ పొరపాటును పట్టుకుని మొదలైన తోడు ఎన్నాళ్ళు నిలుస్తుంది?

"బొటనవేలితో చూడకూడదండీ," అంది మెల్లగా. "దాన్లోనూ నాడి కొట్టుకుంటుంది. మీకు తెలిసింది నాది కాదు. మీదే."

అతని చెవులు ఎర్రబడ్డాయి. "ఏమీ అనుకోకండి. ఏదో తెలిసీ తెలియక..." అంటూ పెట్టె అందుకుని గుమ్మం వైపు నడిచాడు.

ఆమె వెనుక గది ఎప్పటిలాగే నిశ్శబ్దమైపోతోంది.

"పాఠం సగంలో లేచిపోతే ఎలాగండీ? ఇలా రండి."

అతను వచ్చాడు. అతని చూపుడువేలూ మధ్యవేలూ పట్టుకుని ఆమె తన మణికట్టు మీద ఆనించింది.

"ఇలా చూడాలి. ఇప్పుడు చెప్పండి."

ఈసారి అతను కళ్ళు మూసుకోలేదు. ఆమె మొహంలోకే చూశాడు.

"ఏం, దొరకలేదా?"

"దొరికిందండీ," అన్నాడు. "నాదాని కంటే జోరుగా ఉంది."