ఆరు వారాల దుబాసీ

"నా గదువ బొమ్మ గీస్తున్నవా?"

తలెత్తి చూశాను. తార్నాక బస్ స్టాప్‌లో జామకాయల బండి పక్కన ఒక అమ్మాయి నిలబడి ఉంది. చేతిలో బాటనీ రికార్డు, ముఖం నిండా కోపం. కింది దవడ పైదానికంటే బాగా ముందుకు వచ్చి ఉందన్న సంగతి అప్పుడే గమనించాను. అంతకుముందు పావుగంటసేపు నేను ఆమె మాటలే విన్నాను తప్ప ముఖం చూడలేదు. ఈ మాట ఎవరికి చెప్పినా నమ్మరు. ఆమె కూడా నమ్మలేదు.

"లేదండీ. మీ మాటలు రాసుకుంటున్నాను."

"ఎందుకు? నేనేమన్న లెక్చర్ ఇస్తున్ననా?"

"లింగ్విస్టిక్స్ ఎమ్మే అండీ. ఇక్కడివాళ్లు ఎలా మాట్లాడుకుంటారో నోట్ చేసుకురమ్మన్నారు మా సార్."

నోట్‌బుక్ లాక్కుంది. అందులో ఉన్నది అటు తెలుగూ కాదు, ఇటు ఇంగ్లీషూ కాదు. ఉచ్చారణ రాసుకునే గుర్తులు, సగం తలకిందులుగా, సగం తోకలతో ఉంటాయి.

"గిది నా బొమ్మకన్న అధ్వాన్నమున్నది. చదువు."

చదివాను. "సమ్మయ్యా, గివేం జాంపండ్లు, గుండ్ల లెక్కున్నయి, ఎట్ల కొరకాలె" అని ఆమె ఎలా అన్నదో అలాగే, ఆమె గొంతు సాగినచోట నా గొంతూ సాగదీసి చదివాను. బండి సమ్మయ్య పొట్ట పట్టుకుని నవ్వాడు. ఆమె మాత్రం నవ్వు ఆపుకోవడానికి చాలా అవస్థ పడింది.

"మా నానమ్మ మాటలు వింటే నీ బుక్కు నిండుతది," అంది చివరికి. "మా ఇంట్ల ముందటి అర్ర ఖాళీగున్నది. కిరాయికి కావాలంటే వచ్చి మా నాయినతోని మాట్లాడు. బొమ్మలు మాత్రం గీయొద్దు."

ఆ విధంగా, తెనాలి దగ్గర పల్లె నుంచి వచ్చిన పార్థసారథి అనే నేను, విద్యానగర్‌లో నల్లుల గదికి ఒక నమస్కారం పెట్టి, లాలాపేట్ వైపు వెళ్లే సందులో వెంకటేశం గారింట్లో దిగాను. అమ్మాయి పేరు ప్రమీల. యూనివర్సిటీలోనే ఎమ్మెస్సీ చదువుతోంది. తల్లి చిన్నప్పుడే పోయింది. ఇంట్లో ఉన్నది తండ్రి, నానమ్మ సారలమ్మ. వెంకటేశం గారు రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు. నైజాం జమానాలో ఉర్దూ మీడియంలో చదివినాయన. రోజూ ఉర్దూ పేపరు ఈ చివరినుంచి ఆ చివరిదాకా చదివేవాడు కానీ తెలుగు అక్షరం ఒక్కటి రాదు. నానమ్మకు ఏ అక్షరమూ రాదు. ఈ సంగతి కాస్త గుర్తుపెట్టుకోండి.

అరవై ఎనిమిది ఎండాకాలం సెలవుల్లో ప్రమీల దవడ ఆపరేషన్‌కి సిద్ధమైంది. వాడకట్టంతా అందం కోసమే అనుకున్నారు. నాకు మాత్రం అసలు కారణం చెప్పింది.

"నా పై పండ్లు, కింది పండ్లు ఎన్నడు కలువలే. మక్కకంకి కాల్చిస్తే అందరు కొరుక్కుని తింటరు. నేను గింజలు ఒలుచుకుని తింట. ఇరవై ఏండ్ల సంది గింజలే. ఒక్కపారన్న కంకి కొరకాలె."

"దానికోసం ఎముక కోయించుకుంటారా?"

"మంది మాటలు రాసుకునేటందుకు నువ్వు తెనాలికెళ్లి ఈడిదాక రాలేదా? ఎవరి పిచ్చి వాళ్లది."

దవడ ఎముకను రెండు పక్కలా కోసి వెనక్కి జరిపారు. అది అతుక్కునేదాకా కదలకుండా, పై పళ్లనూ కింది పళ్లనూ కలిపి సన్నటి తీగలతో కట్టేశారు. ఆరు వారాలు నోరు తెరవకూడదు. ఏదైనా పళ్ల సందుల్లోంచి పీల్చుకుని తాగాల్సిందే. వాంతి వస్తే ప్రమాదమనీ, ఆ క్షణంలోనే తీగలు కత్తిరించాలనీ డాక్టరు చెప్పాడు. అప్పటినుంచి వెంకటేశం గారు జేబులో కటింగ్ ప్లేయర్ పెట్టుకుని తిరిగేవాడు. ప్రమీల తుమ్మితే చాలు, ఆయన చెయ్యి జేబులోకి పోయేది.

ఇంటికి వచ్చిన రోజు ముఖం పూరీలా ఉబ్బి ఉంది. పళ్లు బిగించి ఆమె అంటున్నది తండ్రికి ఒక్క ముక్క అర్థం కాలేదు. ఇరవై ఏళ్లు సుత్తెల మోతలో పనిచేసిన చెవులాయనవి. నానమ్మకు మామూలు మాటలే సగం వినిపించేవి. పలక ఇచ్చారు. ప్రమీల తెలుగులో ఏదో రాసింది. తండ్రి పలకను అటు తిప్పాడు, ఇటు తిప్పాడు, నానమ్మ చేతిలో పెట్టాడు. ఆమె దాన్ని కళ్లకద్దుకుని దేవుడి గూట్లో పెట్టింది.

ప్రమీల కళ్లలో నీళ్లు తిరిగాయి. పళ్లమధ్యనుంచి మళ్లీ అదే మాట అంది. గుమ్మంలో నిలబడ్డ నాకు వినిపించింది.

"గంజిలో ఉప్పు ఎక్కువైందంటున్నారండీ," అన్నాను.

ముగ్గురూ నావైపు తిరిగారు.

"నీకెట్ల తెలిసింది?" అన్నాడు వెంకటేశం గారు.

"మా సబ్జెక్టే ఇదండీ. పెదవులతో పలికేవి పెదవులతోనే వస్తున్నాయి. గొంతులోవి గొంతులోనే ఉన్నాయి. నోరు బాగా తెరిచి అనాల్సినవే రావడం లేదు. ఆవిడకి పోయింది 'ఆ' ఒక్కటే అనుకోండి. మిగతా అక్షరాలన్నీ పదిలంగా ఉన్నాయి."

ప్రమీల నావైపు చూస్తూ ఏదో అంది.

"ఏమన్నది?"

"నన్ను తిట్టారండీ."

"ఏమని?"

"మీ ముందు అనలేనండీ."

ఆపరేషన్ అయిన పది రోజులకు ఆ ఇంట్లో మొదటిసారి నవ్వు వినిపించింది. "నువ్వే మా ఇంటి దుబాసీవి పో," అన్నాడు వెంకటేశం గారు. ఒకరి మాట ఇంకొకరికి అర్థమయ్యేలా చెప్పేవాణ్ని ఆయన చిన్నప్పుడు దుబాసీ అనేవారట.

ఆ ఉద్యోగం నాకు తెగ నచ్చింది. నానమ్మ పాయా షోర్వా, పెసరకట్టు, జొన్న అంబలి వరుసపెట్టి గుడ్డలో వడగట్టి తెచ్చేది. ప్రమీల ఒక్కోదానికి ఒక్కో వంక పెట్టేది. నేను మధ్యలో కూర్చుని అటు మాట ఇటు చేరవేసేవాణ్ని. ఆమె కావాలని నామీదే ఏదో అని, చేతులు కట్టుకుని ఎదురుచూసేది.

"ఈ దుబాసీకి వేరే చొక్కా లేదా అని అడుగుతున్నారండీ," అని చెప్పేవాణ్ని బుద్ధిగా. ఒక్క మాట మార్చకుండా చెప్పడం నా గొప్ప అనుకునేవాణ్ని.

వాపు తగ్గుతున్నకొద్దీ కొత్త ముఖం బయటపడింది. చూసినవాళ్లందరూ ఎంత బాగుందో అన్నారు. నాకు మాత్రం దిగులేసింది. జామకాయల బండి దగ్గర నన్ను దబాయించిన ఆ ముఖం నాకు ఎప్పుడో ఇష్టమైపోయిందని, అది వెళ్లిపోయాకే తెలిసింది. కానీ కళ్లు అవే. తిట్లూ అవే. దాంతో కాస్త ధైర్యం వచ్చింది.

"ఎట్లున్నది?" అని అడిగింది ఒకరోజు.

"అలవాటు పడాలండీ."

"హమ్మయ్య. ఒక్కడన్న నిజం చెప్పిండు," అంది పళ్లమధ్యనుంచే.

నాలుగోవారంలో జనగాం నుంచి మేనత్త భారతమ్మ దిగింది, ఒక సంబంధం పట్టుకుని. రెండేళ్ల కిందట ప్రమీలను చూసి, గదువ ముందుకుందని చెప్పి వెళ్లిపోయినవాళ్లే వాళ్లు. ఆపరేషన్ సంగతి తెలిసి మళ్లీ కబురు పెట్టారు. పిల్లవాడు జూనియర్ ఇంజనీరు. వెంకటేశం గారి ముఖం వెలిగిపోయింది.

"ఏమంటవ్ బిడ్డా?"

ప్రమీల అడ్డంగా తలూపింది.

"ఎందుకు? మంచి పిల్లగాడు గద."

ప్రమీల మూడు మాటలు చెప్పింది. పళ్లు కట్టేసి ఉన్నా, తొందర లేకుండా, ఒక్కొక్కటీ తూచినట్టు చెప్పింది. నేను మొదలుపెట్టాను.

"మక్కకంకి కొరకడానికి దవడ కోయించుకున్నాను, వాళ్లకు చూపించడానికి కాదు అంటున్నారండీ. ఆనాడు నా ముఖం వద్దన్నవాళ్లకు ఈ ముఖం కూడా ఇవ్వను అంటున్నారండీ."

భారతమ్మ నన్ను కిందనుంచి పైకి చూసింది. "పండ్లు కట్టేసుకున్న పిల్ల గింత ముచ్చట చెప్పిందా? ఈ ఆంధ్ర పిల్లగాడు సొంతంగ కలుపుతుండేమో, జర చూసుకో తమ్మీ."

మూడో మాట చెప్పకుండానే ఆగిపోయాను.

ఎందుకంటే ప్రమీల చెప్పిన మూడో మాట ఇది: "చేసుకుంటే ఈ దుబాసీనే చేసుకుంట."

స్పష్టంగా విన్నాను. నా చెవులు వేడెక్కిపోయాయి. ఎగిరి గంతేయాలనిపించింది. కానీ ఆ మాట అర్థమైంది ఇంట్లో నాకొక్కడికే. దానివల్ల లాభం కూడా నాకొక్కడికే. కిరాయికున్న కుర్రాడు లేచి, మీ అమ్మాయి నన్నే చేసుకుంటానంటోందండీ అంటే ఏ తండ్రి నమ్ముతాడు? పైగా ఆయన చెయ్యి అప్పుడు కటింగ్ ప్లేయర్ ఉన్న జేబులో ఉంది.

"ఇంకేమన్న అన్నదా?" అన్నాడు వెంకటేశం గారు.

"లేదండీ. అంతేనండీ."

ప్రమీల నన్ను ఒక్క చూపు చూసి, లేచి లోపలికి వెళ్లిపోయింది.

మర్నాటినుంచి ఆ ఇంట్లో నాకు ఉద్యోగం లేదు. గంజిలో ఉప్పున్నా లేకపోయినా ఆమె మాట్లాడకుండా తాగేసేది. వెంకటేశం గారి ఎదురుగా రెండుసార్లు గుండె దిటవు చేసుకుని నిలబడ్డాను. రెండుసార్లూ పేపర్లో విశేషాలేమిటండీ అని అడిగి వచ్చేశాను.

యూనివర్సిటీ తెరిచారు. ప్రమీల తీగలతోనే క్లాసులకు వచ్చేది. ఒక సాయంత్రం ఆర్ట్స్ కాలేజీ మెట్లు దిగుతుంటే వాన పట్టుకుంది. ముందు ప్రమీల, గొడుగులో. వెనక నేను, వానలో. తార్నాక వైపు రోడ్డు సగం దాటాక పరుగెత్తి పక్కకు చేరాను.

"ప్రమీల గారూ, ఒక్క మాట."

"సగమే చెప్పెటోనితోని నాకేం మాటలు?"

"చెప్పినా వాళ్లు నమ్మరండీ."

"వాళ్ల సంగతి నేను చూసుకుంట. నీకు ఇష్టం లేకుంటే లేదను. నా మాటను తీసి పారేసే హక్కు నీకెవరిచ్చిండ్రు?"

"ఇష్టం లేక కాదండీ. భయం."

ఆమె ఆగింది. గొడుగు అంచునుంచి నీళ్లు సరిగ్గా నా కాలర్‌లోకి కారుతున్నాయి. ఆమెకు ఆ సంగతి తెలుసు. అయినా గొడుగు జరపలేదు.

"నాకంటే డాక్టరు కట్టిండు. నీ నోటికి ఎవరు కట్టిండ్రు తీగలు?"

ఆమె వెళ్లిపోయింది. నేను తడిసి ముద్దయి, సిగ్గుతో చాలాసేపు అక్కడే నిలబడ్డాను. ఆమెను పోగొట్టుకుంటానేమోనన్న భయం, వెంకటేశం గారంటే ఉన్న భయంకంటే పెద్దదని ఆ వానలో తెలిసింది.

తీగలు విప్పే రోజు వచ్చింది. పొద్దున్నే తండ్రీకూతుళ్లు ఆస్పత్రికి వెళ్లి మధ్యాహ్నానికి తిరిగొచ్చారు. చూసిపోదామని భారతమ్మ కూడా వచ్చి కూర్చుంది. ప్రమీల నోరు ఇంకా వేలు పట్టేంతే తెరుచుకుంటోంది. కింది పెదవి తిమ్మిరిగానే ఉందట. అందరూ చుట్టూ చేరారు. నేను గుమ్మం దగ్గర నిలబడ్డాను.

"మాట్లాడు బిడ్డా," అన్నాడు వెంకటేశం గారు.

"నాయినా," అంది ప్రమీల. ఆరు వారాల తర్వాత ఆ పిలుపు తండ్రికి నేరుగా అందింది. ఆయన కళ్లు తుడుచుకున్నాడు. "ఆ దినం నేను మూడు మాటలు చెప్పిన. గీ దుబాసీ రెండే చెప్పిండు."

"మూడోది ఏంది?"

"ఆయన్నే అడుగు."

వెంకటేశం గారు నావైపు తిరిగాడు. "ఏం సారథీ, దాచిపెట్టినవా?"

"దాచానండీ."

"ఎందుకు?"

"అందులో నా లాభం ఉందండీ. మీరు నమ్మరనుకున్నాను."

"గిప్పుడు చెప్పు. బిడ్డ గీడనే ఉన్నది. తప్పు చెప్తే పట్టుకుంటది."

గుమ్మం దాటి లోపలికి వచ్చాను. వెనక్కి తిరిగితే ఇక జన్మలో చెప్పలేనని తెలుసు. "చేసుకుంటే ఈ దుబాసీనే చేసుకుంటానన్నారండీ," అన్నాను. తర్వాత, ఊపిరి తీసుకోకుండా, "ఇష్టమండీ. చాలా ఇష్టమండీ," అన్నాను.

వెంకటేశం గారు కూతురివైపు చూశాడు.

"సరిగ్గ చెప్పిండా?"

"మొదటిది నాదే," అంది ప్రమీల నింపాదిగా. "ఆఖర్న 'చాలా ఇష్టం' అన్నది మాత్రం నేను అనలే. గా మాట ఆయన కలిపిండు."

"నేను చెప్పలేదా, కలుపుతడని," అంది భారతమ్మ.

నానమ్మకు ఏమీ వినిపించలేదు. ఏమైందని అడిగితే భారతమ్మ చెవిలో అరిచి చెప్పింది. నానమ్మ నన్ను దగ్గరికి పిలిచి, తల నిమిరి, "పిల్లగాడు బక్కగున్నడు. జర తినవెట్టాలె," అంటూ వంటింట్లోకి వెళ్లింది.

వెంకటేశం గారు మాత్రం జేబులోంచి కటింగ్ ప్లేయర్ తీసి పక్కన పెట్టాడు.

"అబద్ధమాడినందుకు కోపమున్నది," అన్నాడు. "గాని తనకు ఫాయిదా ఉన్న మాటను మింగి కూసున్నోన్ని గిప్పుడే చూస్తున్న. మీ అమ్మ ఒప్పుకుంటదా?"

"అడగాలండీ."

"అయితే జాబు రాయి. గీడ కూసోని రాయి. రాసినంక నాకు వినిపియ్యాలె."

"అలాగేనండీ. చదివి వినిపిస్తాను."

"నువ్వు వద్దు. నువ్వు సగమే చదువుతవ్. బిడ్డ చదువుతది."

అక్కడే చాపమీద కూర్చుని మా అమ్మ వేదవతికి ఉత్తరం రాశాను. ప్రమీల దాన్ని తీసుకుని, తెరుచుకున్న ఆ కాస్త నోటితో, నెమ్మదిగా, ఒక్క అక్షరం వదలకుండా చదివింది. "అమ్మా, నోరు తెరవలేని ఆ ఆరు వారాల్లో ఈ అమ్మాయి నాతో మాట్లాడినంతగా నాతో ఎవరూ మాట్లాడలేదు. ఇకమీదట ఈమె మాట వినకుండా నాకు రోజు గడవదు" అన్నచోట ఆగింది. మళ్లీ వెనక్కి వెళ్లి, అదే మొదటినుంచి చదివింది.

"ఒకపారి చదివినవ్ గద," అన్నాడు వెంకటేశం గారు.

"నానమ్మకు వినవడలేదేమోనని," అంది ప్రమీల.

నానమ్మ ఇంకా వంటింట్లోనే ఉంది.