కొండ అంచున నీలం గౌను

పొద్దున్నే కుట్టుమిషను ముందు కూర్చోగానే ఆవిడ ఫోన్ తీసి చూసుకుంది. కూతురి ఫోటో వచ్చేసింది. నీలం గౌనులో, చేతులు బార్లా చాపి, కొండ చివరి రాయి మీద నిలబడి ఉంది పిల్ల. కాళ్ళ కింద పొగమంచు తప్ప మరేమీ లేదు. ‘ఈ ఉదయం నేనూ మేఘాలూ’ అని రాసుకుంది.

పిల్ల కొండలకి బయల్దేరిన దగ్గర్నుంచి, పదకొండు రోజులుగా ఇదే వరస. ఫోటోలు టంచనుగా వస్తున్నాయి, పిల్ల మాత్రం ఫోన్ ఎత్తడం లేదు. మొదట్లో ముక్తసరిగా మెసేజీలైనా పెట్టేది, రెండు రోజులుగా అదీ లేదు.

"కొండల్లో సిగ్నల్ ఉండదే. ఫోటో వచ్చిందంటే క్షేమంగా ఉన్నట్టే కదా," అన్నాడు భర్త గడ్డం గీసుకుంటూ.

"ఫోటోకి ఉన్న సిగ్నల్ మాటకి లేదా?"

"పొద్దున్నే మొదలుపెట్టకు."

ఆవిడ ఫోటోని వేళ్ళతో పెద్దది చేసింది. ఒంట్లో విషాలన్నీ కడిగేసుకుంటానంటూ పిల్ల ఆకుపచ్చ రసాలు తాగి చిక్కిపోతుంటే, ఆ గౌనుని మూడుసార్లు బిగించి కుట్టింది తనే. ఆఖరిసారి, ప్రయాణానికి ముందు రోజు, పక్క అంచున ఉన్న తెల్లపూల వరస మొత్తం కుట్టులోకి పోయింది. ఫోటోలో ఆ పూలన్నీ నిక్షేపంగా కనిపిస్తున్నాయి.

"ఏమండీ, ఇది ఇవాళ్టిది కాదు."

"గౌను చూసి తేదీ చెప్తావా?" అని నవ్వబోయి, భార్య మొహం చూసి ఆగిపోయాడాయన.

"అది రైలెక్కడం మనం చూశామా? స్టేషనుకి రావద్దంది కదా."

ఆయన చెంప మీద సబ్బు నురగ అలాగే ఆరిపోయింది.

కూతురి అద్దె గది రెండు వీధుల అవతలే. మారు తాళంచెవి ఆవిడ దగ్గరుంది. తలుపు తీయగానే కుళ్ళిన ఆకుల వాసన గుప్పుమంది. కిటికీ గట్టున ఖాళీ సీసాలు, అడుగున పచ్చటి మడ్డి. మంచం మీద కూతురు గోడవైపు మొహం తిప్పి పడుకుని ఉంది. అరచేతులు రెండూ ఖాళీగా వెల్లకిలా పడి ఉన్నాయి.

ఆవిడకి ముట్టుకోవడానికి చెయ్యి రాలేదు. అప్పుడే ఆవిడ చేతిలోని ఫోన్ టింగుమంది. కొత్త ఫోటో. అదే పిల్ల, ఒక కాలు గాల్లో పెట్టి నవ్వుతోంది. ‘ఇప్పుడే, ఇక్కడే’ అని ఉంది.

మంచం మీది వేళ్ళు కదిలాయి.

"నీళ్ళు," అంది కూతురు.

అంబులెన్సుకి ఫోన్ చేసి ఆయన గుమ్మంలో కూలబడ్డాడు. ఆవిడ ఉప్పూ పంచదారా కలిపిన నీళ్ళు చెంచాతో పట్టింది.

"ఎక్కడికీ వెళ్ళలేదా తల్లీ?"

"పోయినసారి కొండ మీద జారానమ్మా. కొమ్మ దొరికింది కాబట్టి సరిపోయింది. మళ్ళీ కొండెక్కాలంటే కాళ్ళు రాలేదు. అప్పటి ఫోటోలన్నీ టైము పెట్టి వరసలో ఉంచేశాను, ఫోనే రోజుకి రెండేసి పంపేస్తోంది. ఇంకా ఇరవై ఉన్నాయి."

"ఎవరి మెప్పు కోసమే ఇదంతా?" తండ్రి గొంతు కోపంతో మొదలై ఏడుపులోకి జారింది. "చచ్చిపోయినా ఆ ఫోటోలు చూసి మురిసిపోయేవాళ్ళం."



ఆవిడ చెంచా పక్కన పెట్టింది. పిల్ల ఒళ్ళు ఇంచీ ఇంచీ తరిగిపోతుంటే టేపు పెట్టి కొలిచిందే గానీ, ఏమైందమ్మా అని ఒక్కసారి అడగలేదు. పైగా నాజూగ్గా తయారయ్యావని పొగిడింది. అడగవలసినది ఇప్పుడు అడిగింది.

"జారినప్పుడు భయమేసిందా?"

కూతురు తల ఊపింది. "చాలా. అమ్మా, అమ్మా అని గొంతు పోయేదాకా అరిచాను. నీకు ఎలాగైనా వినబడుతుందనిపించింది."

ఆవిడ మంచమెక్కి కూతుర్ని ఒళ్ళోకి లాక్కుంది. చిన్నపిల్లంత బరువు కూడా లేదు.

"ఆలస్యంగా వినబడిందే నాకు," అని ఏడ్చింది. అంబులెన్సు వాళ్ళు లోపలికి వచ్చి పిలిచినా చేతులు వదల్లేదు.